గంట తర్వాత విప్పేయాలనిపించని మోకాలి గార్డు ఎలా ఎంచుకోవాలి

మట్టి బాటల్లో తిరగడానికి ఎక్స్‌పల్స్ బండో హిమాలయన్ బండో కొన్న ప్రతి ఒక్కరూ రెండో నెలలో అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఏ మోకాలి గార్డు కొనమంటావు?" బ్రాండ్ పేరు చెప్పి ఊరుకోవచ్చు, కానీ నాకు చక్కగా కూర్చున్న గార్డు మీ పిక్క మీద జారిపోవచ్చు, నా తమ్ముడికి గుచ్చుకున్నది మీకు తొడుక్కున్నట్టే తెలియకపోవచ్చు. అందుకే ఏది కొనాలో కాకుండా ఎలా చూసుకుని కొనాలో రాస్తున్నాను. ఇకమీదట అడిగిన వాళ్ళకి ఇదే పంపిస్తా.

ముందు నా సంగతి. వికారాబాద్ వైపు ఒక చెరువు కట్ట వెనక రాళ్ళ బాట, మే నెల, పొద్దున పదకొండు. గార్డు స్ట్రాపు మోకాలి వెనక మడతలో ఒరుసుకుని మంట పుడుతోంది. టీ కొట్టు దగ్గర రెండూ విప్పి బ్యాగులో కుక్కేశాను. అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు కూడా పోలేదు, మనిషి నడిచే వేగంలో ముందు చక్రం ఒక గుండ్రాయి మీద జారింది, ఎడమ కాలు కింద పెట్టబోయాను, మోకాలి చిప్ప తిన్నగా వెళ్ళి రాయికే తగిలింది. విరగలేదు కానీ నెలన్నర పాటు మెట్లు దిగాలంటే రెయిలింగు పట్టుకుని పక్కవాటంగా దిగాల్సి వచ్చింది. ఆ గార్డు మంచిదే, ఖరీదైనదే. నా కాలికి కుదరనిది, అంతే. కాబట్టి ఈ విషయంలో నా లెక్క ఒకటే: మూడో గంటలో కూడా ఒంటి మీద ఉండే గార్డే మంచి గార్డు.

కావలసినవి

దర్జీ టేపు, బాల్‌పెన్ను, మీరు రైడ్‌కి నిజంగా వేసుకునే ప్యాంటు, బూట్లు, తొడ సగం దాకా వచ్చే పలచటి సాక్సు లేదా స్పోర్ట్స్ టైట్స్, మీ బండి, బండి పట్టుకోవడానికి ఇంకో మనిషి. ఇంకా ఒక ఆదివారం పూట. షాపులో జీన్స్ మీద ఒక్క నిమిషం వేసుకుని "బాగానే ఉంది" అనుకుని వచ్చిన వాళ్ళే తర్వాత సగం ధరకి అమ్ముకుంటారు.

1. ముందు రకం తేల్చుకోండి

దుకాణంలో కనబడేవి నాలుగు రకాలు.

మొదటిది రైడింగ్ ప్యాంటు లోపల జేబులో దూర్చే మెత్తటి ఆర్మర్, అంటే దెబ్బ ఆపే ప్యాడ్. రోడ్డు మీద ఎక్కువ, మట్టి బాట తక్కువ తిరిగేవాళ్ళకి సౌకర్యం ఇదే. లోపం ఏంటంటే అది కాలిని పట్టుకుని ఉండదు, ప్యాంటుని పట్టుకుని ఉంటుంది. ప్యాంటు వదులైతే పడినప్పుడు పక్కకి తిరిగిపోతుంది, మోకాలు బయటే ఉంటుంది.

రెండోది మెత్తటి స్లీవు. సాక్సులాగా తొడుక్కోవాలి, ముందు భాగంలో డీత్రీఓ లాంటి పదార్థం ఉంటుంది, మామూలుగా మెత్తగా వంగుతుంది, ఒక్కసారిగా దెబ్బ తగిలితే గట్టిపడుతుంది. మామూలు ట్రైల్ రైడింగుకి, అంటే నెలకి రెండు ఆదివారాలు మట్టిలో తిరిగి సాయంత్రానికి ఇంటికొచ్చే వాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే. మొనదేలిన రాయి మీద పడితే మాత్రం గట్టి కప్పు ఉన్నదాని అంత ధీమా ఉండదు.

మూడోది గట్టి ప్లాస్టిక్ కప్పు, దాని కింద మోకాలి నుంచి చీలమండ దిశగా దిగే పలక, మధ్యలో కీలు. మోటోక్రాస్, అంటే మట్టి ట్రాకు మీద రేసులు చేసే వాళ్ళ దగ్గర చూసేది ఇదే. రాళ్ళు, మొద్దులు, సర్కారు తుమ్మ ఉన్న చోట దీన్ని మించింది లేదు. కింద పడినప్పుడు గట్టి కప్పు నేల మీద జారుతుంది, అక్కడే దిగబడిపోదు, అదీ ఒక లాభం. బరువు, వేడి రెండూ ఎక్కువే.

నాలుగోది బ్రేస్. చాలామంది తికమక పడేది ఇక్కడే. గార్డు పని దెబ్బని ఆపడం. బ్రేస్ పని మోకాలు వెనక్కి విరుచుకుపోకుండా, పక్కకి మెలిక పడకుండా చూడడం, అంటే లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లని కాపాడడం. లియాట్, పాడ్ లాంటి కంపెనీలవి జత కొనాలంటే వేలల్లో పోదు, పదివేలల్లో పోతుంది. రేసులకి వెళ్ళేవాళ్ళు, పెద్ద జంపులు కొట్టేవాళ్ళు, ఇదివరకే ఏసీఎల్ (మోకాలి మధ్యలో ఉండే ఒక లిగమెంటు) దెబ్బ తిన్నవాళ్ళు దీని గురించి ఆలోచించాలి. ఆ పాత దెబ్బ ఉన్నవాళ్ళు నా మాట, షాపు వాడి మాట కాదు, ముందు ఎముకల డాక్టరుని అడగండి.

ఇంకొకటుంది, దాన్ని రకాల్లో కలపలేదు. మందుల షాపులో దొరికే నియోప్రీన్ మోకాలి పట్టీ. అది నొప్పికి, వాపుకి. రాయికి కాదు. స్కేటింగు ప్యాడ్లు కూడా అంతే.

2. లేబుల్ చదవండి

గార్డు లోపలి వైపు మోటార్‌సైకిల్ బొమ్మ, దాని పక్కన ఈఎన్ 1621-1 అని ఉందో లేదో చూడండి. చేతులూ కాళ్ళ ఆర్మర్‌కి ఉన్న యూరప్ ప్రమాణం అది. 50 జౌల్స్ శక్తితో కొట్టినప్పుడు అవతలి వైపుకి చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు దాటకపోతే లెవల్ 1, 20 దాటకపోతే లెవల్ 2. తక్కువ చేరితే మంచిది కాబట్టి లెవల్ 2 మెరుగు.

దాని పక్కనే ఇంగ్లిషు అక్షరాలుంటాయి. కె అంటే మోకాలు, ఎల్ అంటే మోకాలి కింద ఎముక, రెండూ ఉంటే రెండూ. ఇ అని ఉంటే అది మోచేతిది. నవ్వకండి, సెట్టులో కలిసిపోయి మోచేతి ఆర్మర్‌ని మోకాలి జేబులో పెట్టుకుని తిరిగిన వాళ్ళని చూశాను. టైప్ ఎ, టైప్ బి అని కూడా ఉంటుంది, బి అయితే ఎక్కువ మేర కప్పుతుంది. మన ఎండలకి పనికొచ్చే గుర్తు ఇంకొకటి, టీ పక్కన ప్లస్ గుర్తు. 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్ష పాసయిందని అర్థం. మెత్తటి ఆర్మర్ కొంటుంటే దీనికోసం వెతకండి, ఎందుకంటే వేడికి ఇంకా మెత్తబడే పదార్థాలున్నాయి.

ఒక్క "సీఈ" అనే యూరప్ ముద్ర మాత్రమే ఉండి, నంబరు, లెవల్ లేకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రెండు మోకాళ్ళవి, రెండు మోచేతులవి కలిపి వెయ్యి రూపాయల్లోపు వచ్చే నల్లటి సెట్లలో ఎక్కువగా కనబడేది అదే. పైన కప్పు గట్టిగానే ఉంటుంది, లోపల వేలు మందం స్పాంజి. బొటనవేలితో నొక్కితే ప్లాస్టిక్ తగులుతుంది. దాంతో పడితే ప్లాస్టిక్ అంచే మోకాలికి గుచ్చుకుంటుంది.

3. కాలు కొలవండి

మీ షర్టు సైజు ఎల్ అయితే గార్డు కూడా ఎల్ అవ్వాలని లేదు. కుర్చీలో కూర్చుని మోకాలు కాస్త వంచి, చిప్ప మధ్యలో పెన్నుతో చుక్క పెట్టండి. అక్కడి నుంచి పైకి 15 సెంటీమీటర్ల దగ్గర ఒకటి, కిందికి 15 దగ్గర ఒకటి. లేచి నిలబడి ఆ రెండు చోట్లా చుట్టుకొలత తీసుకోండి, టేపు ఆనుకోవాలి కానీ చర్మం నొక్కుకోకూడదు. బ్రేసులకి చాలా కంపెనీలు అడిగే కొలతలివే. కొన్ని వేరే దూరం అడుగుతాయి, కొన్ని చిప్ప చుట్టూ కొలవమంటాయి, కాబట్టి కొనబోయే కంపెనీ చార్టు తెరిచి పెట్టుకునే టేపు పట్టండి. రెండు కాళ్ళూ కొలవండి, కొంచెం తేడా ఉంటుంది.

తొడ ఒక సైజులో, పిక్క ఇంకో సైజులో పడితే? ఇది చాలామందికి వస్తుంది. నా అనుభవంలో పిక్క కొలత ప్రకారం తీసుకోవడం మేలు, ఎందుకంటే గార్డు జారిపోకుండా ఆపేది పిక్క ఉబ్బు మీద కూర్చునే కింది స్ట్రాపే, తొడ వైపు స్ట్రాపులో సర్దుకునే జాగా ఎక్కువ ఉంటుంది. స్లీవు రకానికి ఇది పనిచేయదు, దానికి తొడ కొలతే చూడాలి, లేకపోతే పై అంచు తొడని కోస్తుంది.

"కాస్త వదులుగా ఉంటే గాలాడుతుంది కదా" అని ఒక సైజు పెద్దది తీసుకోకండి. వదులు గార్డు కదులుతుంది, కదిలేది ఒరుసుకుంటుంది, ఒరుసుకున్న చోట చెమట తగిలితే ఇక చెప్పక్కర్లేదు. సౌకర్యం మెత్తదనంలో కన్నా కదలకపోవడంలో ఎక్కువ ఉంది.

4. వరసగా తొడగండి

ముందు టైట్స్ లేదా పొడవు సాక్సు, దాని మీద గార్డు, ఆ మీద ప్యాంటు, చివర బూటు. కింద పలక ఉన్న గార్డయితే దాని చివర బూటు లోపలికి దిగాలి. బూటు పై బకిల్ పడకపోతే గార్డు మందం ఎక్కువైంది, లేదా బూటు మెడ ఇరుకైంది. కొన్న తర్వాత తెలిస్తే లాభం లేదు కాబట్టే బూట్లు వెంట తీసుకెళ్ళమన్నాను. ఆర్మీ బూట్లో, గమ్ బూట్లో వేసే వాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం.

ఎడమ, కుడి చూసుకోండి. ఎక్కువ వాటిమీద అక్షరం ఉంటుంది. లేకపోతే గుర్తు ఒకటే, బకిల్స్, స్ట్రాపు చివరలు కాలి బయటి వైపు రావాలి, లోపలి వైపు నున్నగా ఉండాలి.

స్ట్రాపులు వేసేటప్పుడు నిలబడి వేయకండి. కూర్చుని, మోకాలు బండి మీద ఉన్నంత వంచి, చిప్ప కప్పులో సరిగ్గా కూర్చున్నాక, ముందు కింది స్ట్రాపు, తర్వాత పైది. నిలబడి బిగిస్తే వంచగానే అంతా బిగుసుకుపోతుంది.

5. రెండు వేళ్ళ లెక్క, ఒక హెచ్చరిక

బిగించాక స్ట్రాపు కింద రెండు వేళ్ళు కష్టపడకుండా దూరాలి. మోకాలికి కాస్త కింద, బయటి వైపు, వేలితో తడిమితే చిన్న బుడిపెలాంటి ఎముక తగులుతుంది. దాని మెడ చుట్టూ, చర్మానికి దగ్గరగా, పాదాన్ని పైకి లేపే నరం పోతుంది. కింది స్ట్రాపు సరిగ్గా అక్కడ బిగిస్తే కాసేపటికి పాదం పైభాగం తిమ్మిరెక్కుతుంది, బొటనవేలు పైకి లేపాలంటే బరువుగా ఉంటుంది. గేరు వేసే కాలికి ఇలా అయితే ఇంకేముంది. స్ట్రాపు ఆ బుడిపెకీ దాని మెడకీ బాగా కిందగా, పిక్క ఉబ్బు మీద పడాలి. తిమ్మిరి అనిపిస్తే "అలవాటవుతుందిలే" అనుకోకండి, ఆగి వదులు చేయండి. విప్పాక కూడా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పోవాలి.

6. ఇంట్లో పరీక్ష

ఇప్పుడు అసలు పని. పూర్తి వేషంలో ఇవి చేయండి:

పది గుంజీళ్ళు తీయండి, నిజంగా కిందిదాకా. మోకాలి వెనక మడతలో బట్ట గుట్టలా పోగవుతుందా, గుచ్చుకుంటుందా?

రెండంతస్తుల మెట్లు ఎక్కి దిగండి. దిగాక కప్పు మధ్య భాగం ఇంకా చిప్ప మీదే ఉందా? ప్యాంటు మీద నుంచి వేలితో నొక్కి చూస్తే తెలిసిపోతుంది. రెండు వేళ్ళ వెడల్పు కన్నా ఎక్కువ దిగితే ఆ గార్డు మీది కాదు.

గచ్చు మీద మోకాళ్ళ మీద నిలబడి, పక్కకీ ముందుకీ ఒరగండి. కప్పు చిప్ప మీద నుంచి పక్కకి తప్పుకుంటే పడినప్పుడు కూడా అదే చేస్తుంది. ఎక్కడైనా గట్టి అంచు తగులుతుంటే ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

చివరగా ఒకరిని గార్డు పట్టుకుని కిందికి, తర్వాత పక్కకి లాగమనండి. కొంచెం కదలడం మామూలే. తిరిగిపోకూడదు.

ప్యాంటు జేబు ఆర్మర్‌కి ఒక తిరకాసుంది. నిలబడినప్పుడు అద్దంలో సరిగ్గా మోకాలి మీదే ఉంటే, కూర్చోగానే ప్యాంటు పైకి లాక్కుని ఆర్మర్ తొడ మీదికి పోతుంది. నిలబడితే కాస్త కిందికున్నట్టు, వంచితే సరిగ్గా ఉన్నట్టు ఉండాలి. జేబులో ఎత్తు మార్చుకునే వెల్క్రో ఉన్న ప్యాంటు తీసుకుంటే ఈ తలనొప్పి తగ్గుతుంది.

7. బండెక్కి చూడండి

బండి ఆపి, ఒకరు హ్యాండిల్ పట్టుకోగా ఎక్కండి. ఫుట్‌పెగ్స్ మీద నిలబడి మోకాళ్ళతో ట్యాంకు నొక్కండి. ఆఫ్‌రోడ్‌లో సగం సమయం ఉండేది ఈ భంగిమలోనే, షాపులో ఎవరూ చూడనిదీ ఇదే. గార్డు లోపలి కీలు ట్యాంకుకి, పక్క ప్యానెల్‌కి కొక్కెంలా తగులుకుంటుందా? కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, పదిసార్లు చేయండి. ఒక్కసారి తగులుకున్నా అది అసలు బాటలో కాలు కింద పెట్టాల్సిన క్షణంలోనే తగులుకుంటుంది. బ్రేసులకీ, మందమైన కప్పులకీ ఈ బాధ ఎక్కువ.

కాలు విసురుగా తీసి నేల మీద పెట్టడం కూడా రెండు వైపులా చేసి చూడండి. పక్కింటి వాళ్ళు చూస్తారు. చూడనివ్వండి.

8. ఒక గంట వేసుకుని ఉండండి

టీవీ చూడండి, కూరగాయలు తరగండి, ఏదైనా సరే. ఫ్యాను కట్టేస్తే ఇంకా మంచిది. గంట తర్వాత విప్పి చర్మం చూడండి. స్ట్రాపు పడిన చోట లేత ఎరుపు గీత ఉండి పది పదిహేను నిమిషాల్లో పోతే పర్వాలేదు. అరగంటైనా పోని లోతైన గుర్తు, చిప్ప అంచున ఎర్రటి మచ్చ, వెనక మడతలో మంట, వీటిలో ఏ ఒక్కటున్నా రైడ్‌లో నాలుగింతలవుతుంది. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే ఈ పరీక్ష అయ్యేదాకా ట్యాగులు తెంపకండి, బండి మీద పరీక్షకి ముందు ట్యాంకు శుభ్రంగా తుడవండి, లేకపోతే వాపసు తీసుకోరు.

ఎండల సంగతి

ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కర్నూలు వైపు తిరిగేవాళ్ళు అడిగేది గాలి రంధ్రాల గురించి. రంధ్రాలు బాగానే ఉంటాయి కానీ మీద ప్యాంటు మందంగా ఉంటే వాటికి గాలి చేరేదెలా? మోకాలి దగ్గర జాలీ ఉన్న ప్యాంటు, లోపల చెమట పీల్చి ఆరిపోయే పాలిస్టర్ టైట్స్, ఈ రెండూ మారిస్తే గార్డు మార్చినంత తేడా ఉంటుంది. నూలు సాక్సు తడిసి అలాగే ఉండిపోతుంది, ఒరుసుకునేది అదే. చెమటకాయలు వచ్చే ఒళ్ళయితే పూర్తి స్లీవు కన్నా వెనక ఖాళీగా ఉండే స్ట్రాపుల రకం మేలు. నాకిప్పుడు వేసవికి ఒకటి, వానలకి ఒకటి ఉన్నాయి. అందరికీ అవసరం లేదు. ఒక్కటే కొనాలంటే వేసవిలో భరించగలిగేదే కొనండి.

తరచుగా జరిగే పొరపాట్లు

జీన్స్ మీద గార్డు వేసుకోవడం. బట్ట మీద స్ట్రాపు పట్టు ఉండదు, మొదటిసారి పడగానే చీలమండ దగ్గరికి వెళ్ళిపోతుంది. తప్పనిసరిగా పైనే వేసుకోవాల్సి వస్తే ప్యాంటు బిగుతుగా ఉన్నది వేసుకోండి, ఆ రోజు రాళ్ళ బాట వద్దు.

జారుతోందని బిగించుకుంటూ పోవడం. సైజు తప్పయినప్పుడు బిగింపు దాన్ని సరిచేయదు, తిమ్మిరి మాత్రం తెస్తుంది.

స్నేహితుడిది అడిగి ఒక రైడ్ వేసుకుని, అదే సైజు ఆర్డరు పెట్టడం. వాడిన గార్డు అప్పటికే వాడి కాలికి సర్దుకుని ఉంటుంది, కొత్తది గట్టిగా వస్తుంది.

పెద్దగా పడ్డాక కూడా అదే వాడడం. కప్పులో పగులు, తెల్లబడిన గీత, నొక్కితే మళ్ళీ పైకి రాని ఫోమ్, ఊడిన రివెట్టు, వీటిలో ఏది కనబడినా మార్చండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఇవే చూడండి. "ఒక్కసారీ పడలేదు బ్రో" అన్న మాటని పక్కన పెట్టి ఫోమ్ నొక్కి చూడండి.

సుత్తితో కొట్టి పరీక్షించడం. వీడియోల్లో బాగుంటుంది. మీ గార్డు పాడవడం తప్ప ఏమీ తెలియదు.

మొదటి రైడ్ తర్వాత

మొదటిసారి దగ్గర బాటకే వెళ్ళండి, గంటన్నర చాలు. ఇరవై నిమిషాలకి ఒకసారి ఆగి కప్పు ఎక్కడుందో వేలితో చూసుకోండి. స్ట్రాపులు వేడెక్కి కాస్త సాగుతాయి, ఒకసారి సర్దుకోవడం మామూలే, మూడోసారి కూడా సర్దాల్సి వస్తే సైజు గురించి మళ్ళీ ఆలోచించండి. ఇంటికొచ్చాక మంట ఉన్న చోటు చూసి, అక్కడ స్ట్రాపుని ఒక అంగుళం పైకో కిందికో జరిపి రెండో రైడ్‌కి వెళ్ళండి. నా పాత గార్డుకి ఈ చిన్న పని అప్పుడే చేసి ఉంటే టీ కొట్టు దగ్గర విప్పేవాణ్ణి కాదేమో.

కడిగేటప్పుడు ఆర్మర్ ముక్కలు బయటికి తీసి, బట్టని చల్లటి నీళ్ళలో చేత్తో పిండి, నీడలో ఆరేయండి. ఎండలో డాబా మీద పడేస్తే ఫోమ్ తొందరగా పాడవుతుంది. వెల్క్రో కొక్కేలలో ఎర్రమట్టి, పల్లేరుకాయలు, దారాలు ఇరుక్కుంటే పట్టు పోతుంది, స్ట్రాపు పాడయిందనుకుని కొందరు గార్డే పారేస్తారు. ముందు వెల్క్రో మూసేసి కడగండి, ఆరాక పాత దువ్వెనతో అడ్డంగా గీకండి, సగం పట్టు తిరిగొస్తుంది. అప్పటికీ రాకపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర కొత్త వెల్క్రో ముక్క కుట్టించుకోవచ్చు.